ఆవిడ పేరున తిరిగిన మీటరు

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం, సెంటర్లో జనం పలచబడి నేను క్యారియర్ మూత తీస్తున్న వేళ, ఒకామె షాపు మెట్టెక్కి ఆధార్ కార్డు ఒకటి కౌంటరు మీద పెట్టింది. దీన్లో మా అమ్మ ఫొటో పెద్దది చేసి ఇవ్వాలండి, పెద్దకర్మకి దండ వెయ్యాలి అంది. కార్డు ఇటు తిప్పుకుని చూశాను. ఆవిడ పోయిందని నాకు తెలిసింది అలాగే.

క్యారియర్ మూత మళ్ళీ పెట్టేశాను. నా ముఖం చూసి ఆ కూతురే నన్ను ఓదార్చడం మొదలుపెట్టింది. పెద్దగా బాధేమీ పడలేదట. తెల్లవారుజామున ఆయాసం ఎక్కువైందట, అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్తే గుమ్మంలోనే ప్రాణం పోయిందట. ఊపిరందక పోయిన మనిషి బాధపడలేదని చెప్పడానికి ఎంత మంచితనం ఉండాలో! నాకు అంత లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద అని అడిగితే మాత్రం ఒక్కడి పేరు చెప్పలేను, అదే నా ఏడుపు.

వేరే ఫొటో ఏదన్నా ఉందా అని అడిగాను. లేదంది. ఆధార్ ఫొటోలో ఎవరైనా పోలీసులు పట్టుకొచ్చిన మనిషిలాగే ఉంటారు. పెద్దది చేసేసరికి బుగ్గలు మసిబారి, కళ్ళు రెండు మచ్చలైపోయాయి. నాకు తెలిసిన విద్యలన్నీ వాడి కాస్త వెలుతురు పెంచి, వెనకాల నీలం రంగు వేసి ఇచ్చాను. అచ్చం అమ్మలాగే ఉందండి అంది కూతురు. ఎక్కడుంది? ఆవిడ అలా ఉండేది కాదు. ఆవిడ పేరు నేనిక్కడ రాయను. ఆ పేరుని ఇప్పటికే ఒకరు కావలసినంత వాడుకున్నారు. మనిషిని మాత్రం చెబుతాను.

నాది మండలాఫీసు ఎదురుగా ఉన్న జిరాక్సు షాపు, నెట్ సెంటరు కూడా. అమలాపురం నుంచి సముద్రం వైపు పోయే రోడ్డు మీద ఉంటాం. బీకాం చదివి, ఉద్యోగాల కోసం తిరిగి తిరిగి, చివరికి మా మావగారు పెట్టుబడి పెడితే ఈ మిషను కొనుక్కుని కూర్చున్నాను. ఏ పథకం వచ్చినా ముందు తెలిసేది నాకే, ఏ పథకం ఆగినా తిట్లు పడేదీ నాకే. నాకు నోటి దురుసు ఎక్కువని సెంటర్లో పేరు. ముసలివాళ్ళని కూడా కసురుతానని మా ఆవిడ గొడవ. రోజంతా వేలిముద్ర పడలేదు, ఓటీపీ రాలేదు, సర్వరు పనిచెయ్యడం లేదు అని చెప్పిందే చెప్పేవాడికి నోరు మెత్తగా ఎలా ఉంటుంది?

ఆవిడని మాత్రం కసరలేకపోయేవాణ్ణి. నేను నోరు తెరిచేలోగా తప్పంతా తన మీద వేసుకునేది. కరెంటు పోతే, నేను వచ్చిన వేళే అలాంటిదండి అనేది. మిషన్లో కాగితం ఇరుక్కుంటే, నా కార్డే ముతకదండి అనేది. ఇంక ఏమని కసురుతాం? ఇరుక్కున్న కాగితాన్ని పీకి పారేసి, నాలుక కొరుక్కునేవాణ్ణి.

బెంచీ మీద కూర్చోమంటే కూర్చునేది కాదు. గట్టిగా అంటే చివర కొంచెం ఆని, లేచేటప్పుడు తను కూర్చున్న మేరంతా కొంగుతో తుడిచేది. ఎందుకు మామ్మా తుడుస్తావు అంటే, తరవాత కూకునేవోళ్ళు ఉంటారు కదండీ అనేది. ఆ తుడుపు శుభ్రం కోసం కాదని మా వైపు పుట్టిన ఎవరికైనా తెలుసు. మా నాన్నగారి రోజుల్లో ఆవిడ పేట వాళ్ళు మా వీధి అరుగులు ఎక్కేవారు కాదు. ఇప్పుడు నా షాపు బెంచీ దాకా వచ్చారు గానీ ఆ తుడవడం ఆవిడ చేతుల్లోంచి పోలేదు. ఒకసారి నేను ఆ కొంగు పట్టుకుని ఆపబోయాను. ఆవిడ అంతగా భయపడిపోవడం చూసి మళ్ళీ ఎప్పుడూ ఆపలేదు.

మాటల్లో సగం "ఆయ్". మా కోనసీమలో అందరం అంటాం, కానీ ఆవిడకి అందులోనే అన్నీ జరిగిపోయేవి. విన్నానని ఒక ఆయ్, అర్థమైందని ఇంకోటి, అర్థం కాకపోతే కాస్త సాగదీసినది ఒకటి. అడిగినదానికి లేదు అని ఆవిడ మొండికెయ్యడం నేను ఒక్కసారే చూశాను. అది తరవాత చెబుతాను.

ఆవిడ పాదాలు వెడల్పు. వేళ్ళు దేనికది విడిపోయి, ఇప్పటికీ బురదలోనే నిలబడి ఉన్నట్టు ఉండేవి. వయసులో ఉన్నప్పుడు వరి నాట్లు వేసే ఊడ్పుల ముఠాకి పెద్ద. వెంట ఉన్న ఆడవాళ్ళందరికీ ఆవిడ చెప్పిందే వేదం. నేను గట్టెక్కితే గానీ ఎవరూ నడుం ఎత్తేవోరు కాదండి అని చెప్పేటప్పుడు మాత్రం ఆ ముఖంలో కాస్త గర్వం కనపడేది. ఆ గర్వం నాకెంతో నచ్చేది. అందుకని ఏదో వంక పెట్టి ఊడ్పుల మాట నేనే ఎత్తేవాణ్ణి.

ఆ చేలు ఇప్పుడు లేవు. ముందు ఒకాయన రొయ్యల చెరువు తవ్వించాడు. దాని ఉప్పు ఊట పక్క చేలోకి దిగింది. వరి మాడిపోయి పక్కాయనా తవ్వించాడు. అలా ఒకరి వెనక ఒకరు తవ్వించుకుంటూ పోతే ఇప్పుడు మా సెంటరు దాటాక కనుచూపు మేర చెరువులే. తప్పు పట్టలేం. వరిలో ఏం మిగిలింది గనక? రొయ్యలో మిగిలింది. మేడలు లేచాయి, కార్లు వచ్చాయి, ఐసు లారీలు తిరిగి తిరిగి రోడ్డు గుంతలు పడిపోయింది. ఊడ్చే చేతులకి మాత్రం పని లేదు. ఎంత పెద్ద చెరువుకైనా ఇద్దరు ముగ్గురు మగాళ్ళు చాలు.

కొన్నాళ్ళు రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి వెళ్ళింది. పొద్దున్నించీ ఐసులో చేతులు, తడి గచ్చు మీద కాళ్ళు. ఆయాసం అక్కడే పట్టుకుంది. పనిలో ఉండగా దగ్గుతుంటే అక్కడి మేస్త్రీ, మామ్మా నువ్వు ఇంటి దగ్గర ఉండు, ఇది ఎగుమతి సరుకు, ఎవరన్నా చూస్తే బాగోదు అన్నాడట. "మరేనండి, బైట దేశాలోళ్ళు తినేది కదండీ" అని నాకు చెప్పింది, మేస్త్రీ తరఫు మనిషిలాగా. ఇక మిగిలింది పింఛను ఒక్కటే. భర్త పోయినవాళ్ళకి ఇచ్చేది. రేషను బియ్యంలోకి కూరా నారా అందులోంచే. అన్నిటికంటే ముఖ్యం, ఆయాసానికి పీల్చే మందు అందులోంచే.

ఒకటో తారీకున తలంటు పోసుకుని, ఉతికిన చీర కట్టుకుని గుమ్మంలో కూర్చునేది. పింఛను గ్రామ సచివాలయం అమ్మాయి ఇంటికే తెచ్చి ఇస్తుంది కదా. ఆ అమ్మాయిని ఉత్త చేతులతో పంపితే ఆవిడకి ఆ పూట అన్నం సయించదు. రెండు నిమ్మకాయలో, కరివేపాకు రెబ్బలో, కాలవ గట్టున కోసిన పొన్నగంటి కూరో చేతిలో పెట్టాల్సిందే. ఒద్దు మామ్మగారూ, చూస్తే బాగోదు అని ఆ అమ్మాయి బతిమాలేది. మీకేం తక్కువని కాదండి, నా సరదా అనేది ఈవిడ. పుచ్చుకునే చేత్తోనే ఏదో ఒకటి పెట్టడం ఆవిడకి అలవాటు. ఆ రోజు మందుల కొట్టు నుంచి తిరిగి వస్తూ నా షాపులోకి తొంగి చూసి, "వచ్చిందండి బాబూ" అని చెప్పి మరీ వెళ్ళేది.

అలాంటిది ఒక ఒకటో తారీకున, ఈ నెల మీ పేరు రాలేదు మామ్మగారూ అని చెప్పింది ఆ అమ్మాయి. ఆయ్ అని, నిమ్మకాయలు ఇచ్చి పంపేసి, నా దగ్గరికి వచ్చింది.

కంప్యూటర్లో చూశాను. అనర్హురాలు అని ఉంది. కారణం, కరెంటు వాడకం. నెలకి ఇన్ని యూనిట్లు దాటితే అది పేద ఇల్లు కాదని లెక్క. ఆవిడ పేరున ఉన్న వాడకం చూసి కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. మా మండలాఫీసు మొత్తం అంత వాడదు. ఆవిడ ఇంట్లో ఉన్నది ఒక బల్బు, ఒక పాత ఫ్యాను. వేగం పెంచితే ఆ ఫ్యాను ఊగుతుందని అన్నిటికంటే తక్కువ మీద తిప్పుకునేది.

"ఏం మామ్మా, నీకేమన్నా చెరువులున్నాయా?" అని వెటకారంగా అడిగాను. సాగదీసిన ఆయ్ ఒకటి వచ్చింది. అప్పుడు మెల్లమెల్లగా సంగతి బైటపడింది.

ఊళ్ళో చెరువుల ఆసామి ఒకాయన ఉన్నారు. ఈవిడ వయసులో ఊడ్చిందంతా వాళ్ళ నాన్నగారి చేలోనే. రొయ్యలకి గాలి ఆడడానికి చెరువు నీళ్ళలో చక్రాలు తిప్పుతూ ఉంటారు, ఏరేటర్లు. అవి కాసేపు ఆగితే చాలు, సరుకంతా చచ్చి తేలుతుంది. ఆ కరెంటు ప్రభుత్వం తక్కువ రేటుకి ఇస్తుంది, కానీ చిన్న రైతుకే. పెద్ద రైతు చిన్న రైతు కావాలంటే చెరువుల్ని కాగితాల మీద ముక్కలు చెయ్యాలి, ఒక్కో ముక్క ఒక్కొక్కరికి కౌలుకి ఇచ్చినట్టు రాయాలి. అలా ఆయనగారి బావమరిది, కారు డ్రైవరు, అంట్లు తోమే మనిషి, ఈవిడ, అందరూ రొయ్యల రైతులైపోయారు. ఈవిడ కార్డు ఇచ్చింది, వేలిముద్ర వేసింది. దేనికని అడగలేదు. మీటరు ఈవిడ పేరున బిగించారు. బిల్లు ఆయనే కట్టుకుంటున్నారు. కాబట్టి నా ఎదురుగా ముతక చీరలో నిలబడ్డ ఈ మనిషి దేశానికి డాలర్లు తెచ్చిపెట్టే రైతు, ఇంక పింఛను దేనికి?

నేనే ఆయన దగ్గరికి వెళ్ళాను. కుర్చీ వేయించి బొండం కొట్టించారు. మర్యాదలో మా వాళ్ళని మించినవాళ్ళు లేరు. అయ్యో, పిన్నికి పింఛను ఆగిపోయిందా తమ్ముడూ అని నిజంగానే బాధపడ్డారు. నటన కాదు, నటనైతే నాకు తేలికగా ఉండేది. పంట మధ్యలో కనెక్షను కదిపితే చెరువు పోద్ది, ఈసారి రొయ్య పట్టుబడి కానీ, మీటరు వేరేవాళ్ళ పేరుకి మార్పించేస్తాను, అందాకా ఆ డబ్బేదో నేనే ఇస్తాను అన్నారు. ఒకటి రెండు నెలలు ఇచ్చారు కూడా. ఆవిడ వెళ్ళి చెరువు గేటు దగ్గర నిలబడితే గుమాస్తా తెచ్చి చేతిలో పెట్టేవాడు. అది పుచ్చుకుని వచ్చిన రోజున ఆవిడ నా షాపులోకి తొంగి చూసేది కాదు. తలొంచుకుని రోడ్డు అవతలి పక్కనించి వెళ్ళిపోయేది.

తరవాత రొయ్యకి తెల్లమచ్చ రోగం వచ్చి పంట పోయింది. ఆయనే అప్పుల్లో పడ్డారు. ఆవిడ గేటు దగ్గరికి వెళ్ళడం మానేసింది. ఇంటిల్లిపాదీ అన్నాలు మానేసి కూకుంటే మనం ఎల్లి ఏం అడుగుతామండీ అంది. మీటరు సంగతి ఏమైందని నేను అడిగితే, పాపం ఇప్పుడా అండీ అంది.

ఇంక లాభం లేదని ఒక సోమవారం షాపు మూసేసి ఆవిడని అమలాపురం తీసుకెళ్ళాను, అర్జీలు ఇచ్చే చోటికి. ఒకటో తారీకున కట్టే చీర కట్టుకుని వచ్చింది. కొంగున ఏదో ముడి ఉంది. ఏంటది అంటే నిమ్మకాయలండి, ఆఫీసరుగారికి అంది. నా చేతిసంచీలో వేయించేశాను. లైన్లో చాలాసేపు నిలబడ్డాం. మధ్యమధ్య గోడకి ఆనుకుని ఊపిరి కూడదీసుకునేది. బల్ల దగ్గర కూర్చున్నావిడ చిన్న వయసు ఆఫీసరు. నేను చెప్పిందంతా ఓపిగ్గా విన్నారు. ఆ ఓపిక చూసి పని అయిపోయిందనే అనుకున్నాను.

"మామ్మగారూ, ఆ మీటరు మీది కాదని నాకు తెలుస్తూనే ఉంది. మీ కార్డు ఎవరు తీసుకున్నారో ఒక్క మాట చెప్పండి. రాసుకుని, మీ పేరు అందులోంచి తీయించేస్తాను. పింఛను మళ్ళీ వస్తుంది" అన్నారు.

ఆవిడ ఆయ్ అనలేదు.

"ఎవరూ తీసుకోలేదండి. నేనే ఇచ్చేనండి" అంది.

"ఎవరికి ఇచ్చారు?"

"గురుతు లేదండి."

నేను ఆగలేక పేరు చెప్పబోయాను. ఆవిడ నా మణికట్టు పట్టుకుంది. ఎన్నో ఏళ్ళుగా నా షాపుకి వస్తున్న మనిషి, చిల్లర కూడా నా చేతికి ఇవ్వకుండా కౌంటరు మీద పెట్టే మనిషి, ఆ వేళ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. మీరు చెబితే కుదరదండీ, ఆవిడ నోటితో చెప్పాలి అన్నారు ఆఫీసరుగారు. కాసేపు చూసి, బాగా ఆలోచించుకుని మళ్ళీ రండి మామ్మగారూ అని మా వెనకాల ఉన్నవాళ్ళని పిలిచారు.

బైటికొచ్చాక నా నోటికి అడ్డూ ఆపూ లేకుండా పోయింది. నీకు మతి ఉందా అన్నాను, నీలాంటివాళ్ళుంటే దేవుడు కూడా ఏమీ చెయ్యలేడన్నాను, షాపు మూసుకుని వచ్చినందుకు నన్ను అనుకోవాలన్నాను. టీ కొట్టు దగ్గర జనం తిరిగి చూశారు. ఆవిడ అన్నీ విని, ఆయాసం సర్దుకునే దాకా ఆగి, మెల్లగా చెప్పింది.

"ఆళ్ళ నాన్నగారు మా పేట మలుపులో నిలబడి పనికి రమ్మని కేకేసేవోరండి. లోపలికి ఎప్పుడూ అడుగెట్టలేదు. ఈయన మా ఇంటికి వచ్చేరు బాబూ. గుమ్మంలో కూకున్నారు. పిన్నీ అన్నారు. మంచినీళ్ళు అడిగేరు. మా గ్లాసుతోనే ఇచ్చేనండి. పారబొయ్యలేదు, అంతా తాగేరు. పేటంతా చూసిందండి. అలాంటాయన పేరు తీసుకెళ్ళి ఆఫీసులో ఎలా ఎట్టమంటారండీ?"

ఆయన దాహం వేసి తాగారో, కార్డు కోసం తాగారో అడుగుదామని నోటిదాకా వచ్చింది. అడగలేదు. ఆ సంగతి ఆవిడకి తెలియదని నేననుకోను. తెలిసినా ఆవిడకి ఆ నీళ్ళు నీళ్ళే. వాళ్ళ అమ్మ, అమ్మమ్మ ఎవరెవరి గుమ్మాల ముందు దోసిలి పట్టి, ఎత్తు నుంచి పోయించుకుని తాగారో ఆవిడ చూసి ఉంటుంది. ఒక గ్లాసు మంచినీళ్ళకి ఇంత ఖరీదు కట్టే స్థితిలో మనుషుల్ని ఇన్నాళ్ళు ఉంచిన ఊరు మాది. ఆ ఊళ్ళో మర్యాద గురించి ఎవరన్నా గొప్పగా చెబితే అప్పటినుంచీ నేను అక్కణ్ణించి లేచి వెళ్ళిపోతాను.

తిరుగు బస్సులో ఆవిడ కిటికీ పక్కన కూర్చుని చెరువుల్ని చూస్తూ, కొత్తగా పిల్ల వేస్తున్నారండి, ఈసారన్నా దేవుడు చల్లగా చూడాల అంది. రొయ్యపిల్ల సంగతి. ఆయనకి మంచి జరిగితే ఆవిడకి సంతోషమే. ఆయన కారు కొన్నప్పుడు కూడా ఇలాగే వచ్చి చెప్పింది, సొంత కొడుకు కొన్నట్టు.

ఆ తరవాత నెలలు ఎలా గడిచాయో చెప్పాలంటే నాకు కష్టంగా ఉంది. ఒకటో తారీకున ఆవిడ పాత అలవాటు కొద్దీ గుమ్మంలో కూర్చునేది. సచివాలయం అమ్మాయి ఆ దారినే పోవాలి కదా. డబ్బు లేకపోయినా పిలిచి నిమ్మకాయలు ఇచ్చేది. రెండోసారికే ఆ అమ్మాయి తట్టుకోలేక పేట వెనక సందులోంచి తిరిగి వెళ్ళడం మొదలుపెట్టింది. నా షాపుకొచ్చి నాకు చెప్పుకుని ఏడ్చింది. ఆ పిల్ల ఏం చేస్తుంది, కంప్యూటరు ఎవరి పేరు చెబితే వాళ్ళకి ఇస్తుంది.

ఒకసారి పీల్చే మందు నేనే కొని ఇచ్చాను. ఒద్దు ఒద్దని ఎంతో బతిమాలాక తీసుకుంది. మర్నాడు పొద్దున్నే మా ఇంటికి వచ్చి, ఎవరూ అడక్కుండానే చీపురు తీసుకుని పెరడంతా ఊడ్చింది. నాలుగు చీపురు పోట్లకి ఒకసారి ఆగి, గోడ పట్టుకుని, మళ్ళీ ఊడ్చింది. మా ఆవిడ వెళ్ళి చీపురు లాక్కుంటే, అయిపోయిందమ్మగారూ ఈ మూల ఒక్కటీ అందట. అది చూశాక మళ్ళీ కొనివ్వాలంటే నాకే భయం వేసింది. కొని ఇస్తే ఊడుస్తుంది, ఊడిస్తే ఆయాసం వస్తుంది. ఈ చిక్కు ఎలా విప్పాలో ఇప్పటికీ నాకు తెలియదు.

ఉన్న మందుని దాచుకుని వాడేది. ఈ పూట పరవాలేదండి, రేపటికి ఉంచేను అనేది. ఆవిడ ఇంటి వెనకే ఆ చెరువు. కొత్త పంట వేశారు, చక్రాలు తిరుగుతున్నాయి, మీటరు ఆవిడ పేరునే ఉంది. నిద్ర పడుతోందా మామ్మా అని అడిగితే, పడుకుంటే ఊపిరాడట్లేదండి, కూకునే తెల్లారుద్ది అంది. అని, మళ్ళీ తనే, "చెరువులో ఫ్యాన్లు ఆగలేదండి రాత్రంతా. మంచిదే. ఆగితే చచ్చిపోతాయండి పాపం" అంది. నేను ముఖం తిప్పుకుని మిషనులో కాగితాలు సర్దాను. సర్దడానికి అక్కడ ఏమీ లేదు.

ఆఖరుసారి వచ్చినప్పుడు షాపులో టీవీ నడుస్తోంది. మన దేశం పెద్ద పెద్ద దేశాల్ని దాటుకుని పైకి పోయిందనీ, మన ఎగుమతులు పెరిగాయనీ కోటు వేసుకున్నాయన ఎవరో చెబుతున్నాడు. రొయ్యల పేరు కూడా ఎత్తాడు. ఆవిడ మెట్టు మీద నిలబడి చివరిదాకా విన్నది. అంటే బాగుపడ్డట్టేనాండీ అని అడిగింది. పడ్డట్టే అన్నాను. మంచిదండి, పిల్లలకన్నా అందుద్ది అంది. వెటకారం అనుకునేరు, ఆవిడకి వెటకారం రాదు. వచ్చిన పని ఏంటని అడిగితే, ఏమీ లేదండి, ఇటు ఎల్తా ఎల్తా చూసేనండి అంది. పింఛను మళ్ళీ వచ్చిందేమో చూడమని అడగడానికే వచ్చిందని నాకు తెలుసు. ఆ మాట పైకి అడగలేక వెళ్ళిపోయింది.

ఫొటో తీసుకోవడానికి వచ్చిన రోజున కూతురితో నేనొక మాట చెప్పాను. ఆమెని మొగుడు వదిలేసి చాలా కాలమైంది. ఒంటరి ఆడవాళ్ళకి కూడా పింఛను ఉంది, నీకూ వస్తుంది, కార్డు పట్టుకుని రా, అప్లికేషను నేనే పెడతాను, పైసా అక్కర్లేదు అన్నాను. తల్లికి చెయ్యలేనిది కూతురికైనా చేద్దామని నా ఆశ. వత్తానండి అని చెప్పి వెళ్ళింది.

మొన్న పొద్దున్న వచ్చింది. షాపు అప్పుడే తీశాను. కార్డు కౌంటరు మీద పెట్టింది, ఈసారి తనదే. నాకు ఎంత సంతోషం వేసిందంటే, మా ఆవిడ ఫ్లాస్కులో పోసిచ్చిన టీ సగం ఆమెకి పోశాను. తీసుకుంది గానీ తాగలేదు. మూడు కాపీలండి అంది. అప్లికేషనుకి ఒక్కటి చాలమ్మా అన్నాను. ఆమె రోడ్డు వైపు చూసింది. కారు ఆగి ఉంది. ఆసామి దిగి, చెప్పులు మెట్టు కింద విడిచి షాపులోకి వచ్చారు. ఆయన చేతిలో ఆవిడ మరణ ధ్రువీకరణ పత్రం ఉంది.

బాగున్నారా తమ్ముడూ అన్నారు. మీటరు చనిపోయినవాళ్ళ పేరున ఉండకూడదంటున్నారట. అందుకని కూతురి పేరుకి మార్చాలట.

ఆయన్ని పట్టించుకోకుండా ఆమెతోనే మాట్లాడాను. "అమ్మాయ్, ఈ కార్డు ఇస్తే నీకు పింఛను రాదు. ఇప్పుడే కాదు, ఎప్పటికీ రాదు. మీ అమ్మకి ఆగిపోయింది ఇందుకే. తెలుసా నీకు?"

"తెలుసండి."

"తెలిసే ఇస్తున్నావా?"

"ఆ తెల్లారగట్ట అమ్మకి ఆయాసం ఎక్కువైతే ఆయనే కారు తీసుకొచ్చేరండి. తిరిగి ఇంటికి కూడా అందులోనే తెచ్చేరు. వెనక సీట్లో పడుకోబెట్టనిచ్చేరండి, ఏమీ అనుకోకుండా" అంది.

ఆయన నేల చూస్తున్నారు. ఈ ఒక్క పంట తమ్ముడూ అన్నారు మెల్లగా. నేను కార్డు ఆమె వైపు తోసేసి, మిషను పనిచెయ్యడం లేదని చెప్పాను. మిషను మీద పచ్చదీపం వెలుగుతూనే ఉంది, ముగ్గురం చూశాం. ఆయనకి కోపం కూడా రాలేదు. పరవాలేదులెండి, ఎదర షాపులో తీయించుకుంటాం అని మెట్టు దిగి చెప్పులు వేసుకున్నారు. ఆమె టీ గ్లాసు పక్కన పెట్టి, కార్డు తీసుకుని ఆయన వెనకే వెళ్ళింది. రోడ్డు దాటబోతూ ఆగి, వెనక్కి తిరిగి నా దగ్గరికి వచ్చింది. మనసు మార్చుకుందనుకున్నాను.

"మీకు రావల్సిన బేరమండి. పొద్దున్నే ఎదర షాపుకి ఎల్తన్నామని మనసులో ఎట్టుకోకండి బాబుగారూ. మీ మిషను బాగయ్యాక మళ్ళీ మీ దగ్గరికే వత్తాం" అంది.